పాతికో వంతు ఇంపాలా

మిషిగన్‌లో మేముండే ట్రాయ్ పేరు ఒకప్పుడు అమెరికాలో మగపిల్లలున్న ఇళ్ళన్నిటికీ తెలుసు. ఈస్ట్ మేపుల్ రోడ్డు మీద ఏఎమ్‌టీ అనే కంపెనీ ఉండేది, ఇంట్లో అతికి కట్టుకునే బుల్లి కార్ల కిట్లు తయారుచేసేది. అట్టపెట్టె మీద మెరిసిపోయే కారు బొమ్మ, లోపల విడివిడి ప్లాస్టిక్ ముక్కలు, ఏది ఎక్కడ అతకాలో గీసి చూపించే ఒక మడత కాగితం. 1958 నుంచి డెట్రాయిట్‌లో కొత్త మోడల్ కార్లు వచ్చినట్టే ఏటా వాటి కిట్లు కూడా వచ్చేవి. పెట్టె పక్కన చిన్న అక్షరాలతో 'ట్రాయ్, మిషిగన్' అని ఉండేది. నేను ఆఫీసుకి ఆ రోడ్డు మీదుగానే వెళ్ళేవాణ్ణి. అయినా ఈ సంగతి నాన్న మా ఇంటికొచ్చిన చలికాలం దాకా నాకు తెలియదు.

తొంభైల చివరి మాట. మా పాప నవంబరులో పుట్టింది. పురిటి సాయానికి అమ్మ వచ్చింది, అమ్మతో నాన్న వచ్చాడు. అమ్మకి క్షణం తీరిక ఉండేది కాదు. నాన్నకి మాత్రం చేయడానికి ఏమీ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపిన మనిషి ఆయన. పొద్దున్నే షెడ్డు షట్టర్ ఎత్తితే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. అలాంటి మనిషి చేతులు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, మంచులో పోయే కార్లను చూస్తుండేవాడు.

"ఇంత దేశంలో బళ్ళకి చక్రాల పైన రేకు ఎందుకురా ఇలా తినేసింది?" అని అడిగాడు ఒకరోజు.

"మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు నాన్నా."

"ఉప్పా!" అని కాసేపు ఆగి, "మరి ఇక్కడ టింకర్లు బాగానే బతుకుతుండాలి" అన్నాడు. ఆ సాయంత్రమంతా నాతో తుప్పు గురించే మాట్లాడాడు. దిగినప్పటి నుంచి ఆయన అంత హుషారుగా మాట్లాడటం అదే మొదలు.

ఆ తర్వాతి శనివారం పాపకి చిన్న బీరువా ఏదైనా దొరుకుతుందేమోనని ఇద్దరం ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్ళాం. ఇంటి యజమాని పోయాక ఇంట్లో సామానంతా చీటీలు అంటించి అమ్మేస్తారు. ఆ ఇల్లు ఒక రిటైరైన టూల్‌మేకర్‌ది, అంటే ఫ్యాక్టరీలకి అచ్చులు, పనిముట్లు చేసే మనిషిది. బేస్‌మెంట్‌లో ఆకురాళ్ళు, వెర్నియర్లు, మైక్రోమీటర్లు ఎక్కడివక్కడ పొందికగా ఉన్నాయి. నాన్న వాటిని ఒక్కొక్కటీ పట్టుకుని చూసి, మళ్ళీ ఉన్నచోటే పెడుతున్నాడు. గోడకున్న అరలో కారు కిట్ల పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. అందులోంచి ఒకటి లాగి నా వైపు తిప్పాడు. "ఇంపాలా రా!"

1963 షెవర్లే ఇంపాలా. పెట్టె మూల కొంచెం చితికింది. ముక్కల్ని ఎవరూ విరవలేదు, అతకలేదు. కొత్తలో డాలరున్నరకి అటూ ఇటూగా ఉండే కిట్ అది. బీరువా దొరకలేదు, ఇంపాలాతో ఇంటికొచ్చాం.

దారిలో నాన్న ఒక కథ చెప్పాడు. అరవైల్లో మాట, అప్పటికి ఆయన ఇంకా మేస్త్రీ కాలేదు, పనినేర్చుకునే కుర్రాడు. గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు ఉండేవి కదా, వాళ్ళలో ఒకాయనకి ఇంపాలా ఉండేది. అది ముందు మడ్‌గార్డు సొట్టతో షెడ్డుకి వచ్చింది. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళందరూ వచ్చి చూశారట. పెద్దమేస్త్రీ రేకు మీద ఎవర్నీ సుత్తి వెయ్యనివ్వలేదు. నాన్న పని కింద పడుకుని, రేకు లోపలి వైపు నుంచి డాలీ అనే ఇనపదిమ్మ ఆనించి పట్టుకోవడం. పైనుంచి మేస్త్రీ దెబ్బ వేస్తుంటే ఆ అదురు చేతుల్లోకి వచ్చేది. "బండి తయారై వెళ్ళేటప్పుడు చూశాను, అంతే. మళ్ళీ ఇంపాలా మీద చెయ్యి పెట్టింది లేదు" అన్నాడు. ఆ బండి స్టీరింగ్ కుడివైపు ఉండేదని కూడా చెప్పాడు. ఎడమ చేతి బళ్ళ దేశం నుంచి అలా ఎలా వచ్చిందా అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, షెవర్లే తయారుచేసే జనరల్ మోటార్స్ వాళ్ళ కెనడా ఫ్యాక్టరీ ఒషావాలో కుడి స్టీరింగ్ బళ్ళు కూడా తయారుచేసి ఎగుమతి చేసేవారట.

డైనింగ్ టేబుల్ మీద పెట్టె తెరిచాం. తెల్లటి బాడీ ఒకే ముక్క. కిటికీ అద్దాలు, క్రోమ్ ముక్కలు, రబ్బరులా వంగే నల్ల టైర్లు, ఇరుసులకి రెండు ఉక్కు కడ్డీలు. నాన్న ముందు చేసిన పని టేపు అడగడం. అసలు కారు పొడవు సుమారు 210 అంగుళాలు. కిట్ కొలత 25కి 1. బాడీ మీద టేపు పెట్టి, "ఎనిమిది దాటి అర అంగుళం లోపు. పాతికో వంతంటే పాతికో వంతే, మోసం లేదు" అన్నాడు.

ఆ కొలత అంత కచ్చితంగా ఉండటానికి కారణం ఉంది. ఏఎమ్‌టీ మొదట పిల్లల కోసం పుట్టిన కంపెనీ కాదు. 1948 ప్రాంతంలో ఒక లాయరు మొదలుపెట్టాడు, కార్ల డీలర్ల కోసం. షోరూముకి వచ్చినవాళ్ళకి కొత్త కారు ఇలా ఉంటుంది, ఈ రంగుల్లో వస్తుంది అని చూపించడానికి, వెంట వచ్చిన పిల్లల చేతిలో పెట్టడానికి చిన్న నమూనాలు తయారుచేసేవాళ్ళు. కంపెనీ పేరులోని మొదటి అక్షరం అల్యూమినియంది, తొలి నమూనా ఆ లోహంతోనే పోశారు. తర్వాత ప్లాస్టిక్‌కి మారారు. మొదట్లో వాడిన ఎసిటేట్ రకం ప్లాస్టిక్ కొన్నేళ్ళకి వంకర్లు తిరిగిపోయేది, స్టైరీన్ అనే రకం వచ్చాక ఆ బెడద తీరింది. డీలర్ల నమూనాలు కాబట్టి కార్ల కంపెనీలే డ్రాయింగులు ఇచ్చేవి. వాటిని బట్టి కొయ్యతో పెద్ద నమూనా చెక్కి, పాంటోగ్రాఫ్ మిషన్‌తో దాన్ని తడుముతూ ఉక్కు అచ్చులో చిన్నదిగా కోసేవాళ్ళు. అవే అచ్చుల బాడీలు కిట్లకీ వచ్చాయి. కంప్యూటరు లేని రోజుల్లో, చేత్తో, కంటితో చేసిన పని! నేను అప్పటికే కంప్యూటర్ మీద కారు రేకుల డైలు, అంటే రేకుని నొక్కే అచ్చులు, గీసే ఉద్యోగంలో ఉన్నాను. బానెట్ మధ్య గీత వెనక్కి పోతూ సన్నబడే తీరుని నాన్న గోటితో తడిమి చూపిస్తుంటే, ఈ అచ్చు కోసినవాళ్ళ మీద నాకు భక్తి పుట్టింది. ఈ రోజుల్లో వచ్చే కిట్లలో ముక్కలు ఎక్కువ, వివరం ఎక్కువ. కానీ బాడీ గీత విషయంలో ఆ పాత ట్రాయ్ అచ్చులకి సాటి వచ్చేవి తక్కువ. ఇది నా గట్టి అభిప్రాయం.

పెట్టె మీద '3 ఇన్ 1' అని రాసుంది. ఒకే కిట్‌ని కంపెనీ బండిలా, సోకు చేసిన బండిలా, రేసు బండిలా మూడు రకాలుగా కట్టుకోవచ్చు. అందుకే అదనపు బంపర్లు, అంటించే నంబర్లు అవీ ఇస్తారు. నాన్న వాటన్నిటినీ ఒక కవర్లో వేసి పక్కన పెట్టాడు. "కంపెనీవాడు గీసిన బండి ఇది. ఎలా గీశాడో అలాగే ఉండాలి."

పని మొదలుపెట్టే ముందు ముక్కల్ని సబ్బునీళ్ళతో కడగాలి. అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన నూనె మిగిలుంటే రంగు పట్టదు. తర్వాత అచ్చు రెండు సగాలు కలిసిన చోట బాడీ మీద సన్నటి గీతలుంటాయి, వాటిని రుద్దాలి. నాకు ఆ గీతలు ఎందుకు వస్తాయో తెలుసు, ఎక్కడ వస్తాయో ముందే చెప్పగలను. వాటిని పోగొట్టడం మాత్రం నాన్నకే తెలుసు. వాటర్ పేపర్‌ని, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాన్ని, చిన్న చెక్కముక్కకి చుట్టి, నీళ్ళలో ముంచి, గీతకి అడ్డంగా, బరువు పెట్టకుండా నడిపించేవాడు. మధ్యమధ్యలో కళ్ళు మూసుకుని వేలితో చూసేవాడు. "కన్ను వెలుతురుని నమ్ముద్ది. వేలు దేన్నీ నమ్మదు" అన్నాడు. దళసరిగా ఉన్న ప్లాస్టిక్ చల్లబడేటప్పుడు లోపలికి పీల్చుకుపోయి చిన్న గుంటలు పడతాయి. బాడీకి వెనకవైపు అలాంటిది ఒకటి ఉంది. నా కంటికి ఆనలేదు, ఆయన వేలికి దొరికింది. లప్పం పెట్టి, ఆరనిచ్చి, రుద్ది, మళ్ళీ వేలితో చూసి తల ఊపాడు.

అతికించడం నా వంతు. ఈ కిట్ల జిగురు కాగితం జిగురులా పట్టుకోదు, స్టైరీన్‌ని కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. నీళ్ళలాంటి జిగురుని కుంచె కొనతో అతుకు దగ్గర తాకిస్తే తనంతట తనే సందులోకి పాకిపోతుంది. నాన్న అది చూసి ముచ్చటపడ్డాడు. "ఇది వెల్డింగే, నిప్పు లేదంతే" అన్నాడు. క్రోమ్ ముక్కల దగ్గర మాత్రం అతికేచోట బ్లేడుతో క్రోమ్ గీకెయ్యాలి. అది శూన్యంలో అల్యూమినియం ఆవిరితో పట్టించిన పొర. జిగురు ఆ పొర దాటి ప్లాస్టిక్‌ని తాకకపోతే అతుకు నిలవదు.

అద్దం దగ్గర ఒక చిక్కు వచ్చింది. పాత కిట్లలో టైర్లు మెత్తటి వినైల్‌వి. వాటిలోంచి ఊరే నూనెలాంటి పదార్థం స్టైరీన్‌ని తినేస్తుంది. ముప్పై ఏళ్ళకి పైగా ఒక టైరు ముందు అద్దానికి ఆనుకుని ఉన్నట్టుంది, అద్దం మీద అర్ధచంద్రాకారంలో లోతుగా మచ్చ పడింది. నేను ఇంక ఆ అద్దం పనికిరాదనే అనుకున్నాను. నాన్న మాత్రం సన్నరకం వాటర్ పేపర్ అడిగి, ఇంకా సన్నది, ఇంకా సన్నది అంటూ మెట్లు మెట్లుగా దిగి, అద్దమంతా పాలలా తెల్లగా అయ్యేదాకా రుద్దాడు. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, చివర్లో టూత్‌పేస్ట్. ఆ పని జరిగినన్నాళ్ళూ పాప ఆయన ఒళ్ళో పడుకుని ఉండేది. ఇక్కడి మోడలర్లు 'ఫ్యూచర్' అనే నేల పాలిష్‌లో అద్దాలు ముంచుతారని ఎక్కడో చదివి, కేమార్ట్ నుంచి సీసా తెచ్చాను. ముంచి, అంచు నుంచి బొట్టుని గుడ్డకి పీల్పించి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించాం. మర్నాడు గిన్నె తీస్తే మచ్చ లేదు.

ఇంజిన్ దగ్గర మా ఇద్దరికీ వాదన. 409 అనే ఇంజిన్, ఎనిమిది సిలిండర్ల వీ8. ఆరెంజ్ రంగు వేసి, ఛాసీ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, కూర్చోబెట్టబోతే ఇంజిన్ బ్లాకులో అటూ ఇటూ కనపడే బెజ్జం ఉంది. ముందు చక్రాల ఉక్కు కడ్డీ దాంట్లోంచి దూరి అవతలికి పోవాలి. అప్పటి ఏఎమ్‌టీ కిట్లు చాలావాటిలో ఇంతే. పిల్లలు దొర్లించి ఆడుకుంటారు, చక్రాలు గట్టిగా ఉండాలని చేసిన ఏర్పాటు. నేను అలాగే ఉంచుదామన్నాను, అది ఆ కిట్ తీరు, దాని కాలం గుర్తు అన్నాను. నాన్న ససేమిరా ఒప్పుకోలేదు.

"ఇంజిన్లోంచి ఇరుసు పోయే బండి ఎక్కడైనా ఉందిరా? రేపు బానెట్ ఎత్తి చూసినోడు ఏమనుకుంటాడు?"

"ఇది ఎవరు చూస్తారు నాన్నా?"

"నేను చూస్తాను."

ఆ మాటతో వాదన అయిపోయింది. కడ్డీని హాక్సాతో రెండు ముక్కలు చేసి, ఛాసీకి చెరోవైపు ప్లాస్టిక్ దిమ్మ అతికి, వాటిలో ముక్కల్ని బిగించాడు. ఇంజిన్ బెజ్జాన్ని లప్పంతో మూసి మళ్ళీ రంగు వేశాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనదే సరైన పని అనిపిస్తుంది. ఛాసీని తిరగేసి దానిమీద ఎక్స్ ఆకారంలో పోతపోసిన ఫ్రేముని చూపించి, "ఇది మాత్రం నిజం పెట్టాడు. మేం కింద పడుకుని చూసింది ఇదే" అన్నాడు. ఆ రోజుల్లో షెవర్లే పెద్ద కార్లకి నిజంగానే ఎక్స్ ఫ్రేమే ఉండేది.

ఇక రంగు. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

డిస్ట్రిబ్యూటర్ గారి ఇంపాలా ఏ రంగో నాన్నకి గుర్తుంది. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు, మధ్యలో లేతగా ఉండే రంగు. 1963 షెవర్లే రంగుల్లో 'అజూర్ ఆక్వా' అని ఒకటుంది. దాని రంగు చీటీ సంపాదించి చూపిస్తే, చూసి జేబులో పెట్టుకున్నాడు. టెస్టర్స్ కంపెనీ చిన్న ఎనామెల్ రంగు సీసాలు తెప్పించుకున్నాడు: తెలుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, నలుపు. అగ్గిపుల్లతో చుక్కలు చుక్కలుగా కలుపుతూ, ప్లాస్టిక్ చెంచాల వీపు మీద పూసి కిటికీ దగ్గర వరసగా పెట్టాడు. "తడి మీద రంగు అబద్ధం చెప్పుద్ది. ఆరాక చూడాలి." ఆరాక ఒక చెంచా తీసుకుని, జేబులోంచి చీటీ తీసి పక్కన పెట్టాడు. నాకు తేడా కనపడలేదు. ఆయనకి పచ్చదనం ఒక చుక్క ఎక్కువ కనపడింది, సరిచేశాడు.

ఆటోనగర్‌లో ఆయన ఏళ్ళ తరబడి కొట్టింది డ్యూకో. సెల్యులోజ్ రంగు, నిమిషాల్లో ఆరిపోతుంది. 1920ల్లో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన రంగు అది. అంతకుముందు కారుకి రంగు ఆరడానికే వారాలు పట్టేది. కానీ ఆ థిన్నర్ స్టైరీన్‌కి పడదు. నాన్న ముందు ఒక పనికిరాని ముక్క మీద థిన్నర్ చుక్క వేసి చూశాడు, ముక్క మెత్తబడి ముడతలు పడింది. "ఇది రేకు కాదు, దీని మర్యాద వేరు" అని ఎనామెల్‌కే ఒప్పుకున్నాడు. బాడ్జర్ కంపెనీ చిన్న స్ప్రే గన్ కొన్నాను, గాలికి డబ్బా. కాసేపు కొట్టగానే డబ్బా చల్లబడిపోయి గాలి బలం తగ్గుతుంది, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెట్టాలి.

బేస్‌మెంట్లో కొడదామన్నాను. "ఆ మూల ఇల్లు వేడిచేసే పొయ్యిలో మంట వెలుగుతుంటే ఇక్కడ థిన్నరా? ఇంట్లో పసిబిడ్డ ఉంది" అని నన్ను కోప్పడ్డాడు. కొంచెం ఎండ కాసిన రోజు చూసి కారు బయట పెట్టించి, గ్యారేజ్ నేల మీద నీళ్ళు చిలకరించాడు, దుమ్ము లేవకుండా. ఆటోనగర్ షెడ్డులో చేసినట్టే. స్వెట్టరు విప్పి పక్కన పడేశాడు, దారప్పోగులు రాలతాయని. బాడీని ఒక సీసా మీద బోర్లించి, గన్ ఎత్తి, బాడీకి ఇవతల మొదలుపెట్టి, అవతలికి దాటాక ఆపేవాడు. చెయ్యి మణికట్టు దగ్గర తిరగదు, భుజం నుంచి మొత్తం కదులుతుంది. ఎనిమిది అంగుళాల బొమ్మకి కూడా అలాగే. "పొర పల్చగా ఉండాలిరా. ఇక్కడ ఒక్క వెంట్రుక మందం, అసలు బండి మీద పాతిక వెంట్రుకలు." మొదటి పొర మంచు పట్టినట్టు వేసి ఆగాడు. తర్వాత ఇంకొకటి. గన్ శబ్దం తప్ప ఇంకేమీ లేదు. నా చిన్నప్పుడు అన్నం క్యారియర్ పట్టుకుని షెడ్డుకి వెళ్ళి, ఆయన రంగు కొడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయేవాణ్ణి. లోపలికి రావద్దని చేత్తో సైగ చేసేవాడు. ఈసారి, "దగ్గరికొచ్చి చూడు, రంగు ఎక్కడ తడిగా కూర్చుంటోందో" అన్నాడు. తర్వాత గన్ నా చేతికిచ్చి డిక్కీ వైపు నన్ను కొట్టమన్నాడు.

ఎనామెల్ పూర్తిగా గట్టిపడేదాకా ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత పక్కల మీద క్రోమ్ పట్టీలకి బేర్ మెటల్ ఫాయిల్ వేశాం. ఊదితే ఎగిరిపోయేంత పల్చటి రేకు. పట్టీ మీద పరిచి, పళ్ళపుల్లతో నొక్కుతూ గీత పైకి తేలేదాకా రుద్ది, కొత్త బ్లేడుతో అంచులు కోసి మిగతాది లాగేయాలి. వెనక పక్కకి మూడేసి చొప్పున ఆరు గుండ్రటి లైట్లు. వాటిలో ఎరుపు అమ్మ పెట్టింది. కాటుక దిద్దే చెయ్యి కదా, ఒక్కటీ అంచు దాటలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న ఇంపాలాని చెప్పుల పెట్టెలో పాప పాత గుడ్డల మధ్య పెట్టి, విమానంలో ఒళ్ళోనే పెట్టుకుని తీసుకెళ్ళాడు. షెడ్డులో బల్ల మీద, చిన్న గాజు పెట్టె చేయించి అందులో ఉంచాడు. కొన్నాళ్ళకి ఫోన్ చేసి, "లారీ ఏమైనా చేశాడా వాడు?" అని అడిగాడు. చేశాడు, 1970 ప్రాంతంలో పీటర్‌బిల్ట్ 359. ఆ కిట్ పంపించాను. తిరిగి వచ్చిన ఫోటో చూసి ఎంతసేపు నవ్వుకున్నానో! అమెరికా లారీకి పసుపు, ఎరుపు కొట్టి, ముందు బంపర్ మీద నల్ల గుడ్డపీలిక కట్టి, వెనక వెంట్రుకంత కుంచెతో 'హారన్ ప్లీజ్' రాశాడు.

ఏఎమ్‌టీ 1978లో ఇంగ్లండ్ బొమ్మల కంపెనీ లెస్నీ చేతికి పోయింది, తర్వాత అయోవాలోని ఎర్టెల్ తీసుకుంది. ఇప్పుడు ఇండియానాలోని రౌండ్ 2 వాళ్ళు ఆ పేరుతోనే పాత కిట్లెన్నో మళ్ళీ తెస్తున్నారు. నాన్న పోయి కొన్నేళ్ళయింది. షెడ్డు తమ్ముడు చూసుకుంటున్నాడు, ఇంపాలా అక్కడే ఉంది. నేనూ మా అమ్మాయీ ఇప్పుడు 1957 షెవర్లే బెల్ ఎయిర్ కడుతున్నాం, రంగు దగ్గర ఇద్దరికీ ఇంకా కుదరలేదు.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి పాత పెట్టె ఉంటే, కట్టినా కట్టకపోయినా, ముందు తెరిచి టైర్లని వేరే కవర్లో వేయండి. అద్దాలకి, బాడీకి తగలకుండా.